దవడ ఎముక తీసేశాక: టైటానియం ప్లేటా, కాలి ఎముకా?

శ్రీకాకుళంలో మా డెంటల్ క్లినిక్‌కి బయాప్సీ రిపోర్టు పట్టుకొని వచ్చేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. కింది దవడలో ఎముక కొంత తీసేయాలన్నారు, ఆ ఖాళీలో ఏం పెట్టించుకోవాలి?

నేను ముందు అడిగేది ఒకటే: ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉంటుందా? క్యాన్సర్‌కైతే చాలామందికి ఉంటుంది, సుమారు ఆరు వారాలు. రేడియేషన్ తగిలిన చోట రక్తనాళాలు దెబ్బతిని గాయం మానే శక్తి తగ్గిపోతుంది. అక్కడ ఉత్త ప్లేటు ఉంటే పైన చర్మం పలచబడి అది బయటపడొచ్చు, స్క్రూలు వదులు కావచ్చు, ఏళ్ల తరబడి నమిలాక ప్లేటే విరగొచ్చు. గడ్డం ముందు భాగంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. అక్కడ ప్లేటు ఒక్కటే పెడతామంటే తప్పకుండా ఇంకో సర్జన్ని కూడా అడగండి.

ఫిబ్యులా, అంటే పిక్క పక్కనుండే సన్నటి ఎముక, తన రక్తనాళాలతో సహా వస్తుంది. మెడలోని నాళాలకు వాటిని మైక్రోస్కోపు కింద కలుపుతారు. బతికున్న ఎముక కాబట్టి రేడియేషన్‌ని బాగా తట్టుకుంటుంది, తర్వాత పళ్ల ఇంప్లాంట్లకూ వీలుంటుంది. దవడకు దీన్ని వాడిన తొలి రిపోర్టు 1989లో వచ్చింది. "కాలు పోతుందేమో డాక్టరు గారూ" అని భయపడతారు. ఒంటి బరువు మోసేది ముఖ్యంగా పక్కనున్న పెద్ద ఎముక, కాబట్టి నడక తిరిగి వస్తుంది. కొందరికి చీలమండ దగ్గర బిగుతు మిగులుతుంది.

కష్టం లేకపోలేదు. ఆపరేషన్ ఎనిమిది, పది గంటలు పడుతుంది. కలిపిన నాళంలో రక్తం గడ్డకడితే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. మనవాళ్లు చాలావరకు విశాఖ వెళ్లాల్సిందే. అయినా రేడియేషన్ ఉందంటే నా ఓటు దీనికే.

అమిలోబ్లాస్టోమా, అంటే దవడలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డ, అలాంటివాటికి మామూలుగా రేడియేషన్ ఉండదు. ఖాళీ ఐదారు సెంటీమీటర్ల లోపైతే తుంటి ఎముక పైఅంచు ముక్క సరిపోవచ్చు. పీక్ అనే ప్లాస్టిక్ ఇంప్లాంట్లూ ఉన్నాయి, ఖరీదెక్కువ. అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని తాగడం) వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ లెక్క వేరు, అక్కడ చాలామందికి ఆబ్ట్యురేటర్ అనే కట్టుడు పలకతో గడిచిపోతుంది.

పెద్ద వయసు, గుండె జబ్బు, కాలి నాళాలు మూసుకుపోయినవాళ్లకు, ఖాళీ పక్క దవడలోనే ఉంటే, ప్లేటు మీద ఛాతీ కండ కప్పడం సబబే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు మాత్రం కాలికి సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే స్కాన్) రాయకముందే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూపించండి. అందులో ఎక్కించే డై, ముందే దెబ్బతిన్న కిడ్నీలకు ఇంకా భారం కావచ్చు.