అట్టపెట్టె మీద 1800 వాట్లు, కారులో 200: సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ కొనబోయేవారికి హెచ్చరిక

పోయిన సంక్రాంతికి ముందు 21,500 రూపాయలు పోసి కారులో సబ్‌వూఫర్ (డోలు లాంటి లోతైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు), దానికి శక్తినిచ్చే యాంప్లిఫయర్ పెట్టించుకుని, పండగ మూడు రోజులూ గడవకముందే మోసపోయానని తెలుసుకున్నవాడిని నేను. ధనుర్మాసం వచ్చేసరికి ఇటు అమలాపురం, రావులపాలెంలలోనూ, అటు పాలకొల్లు, భీమవరం, తణుకులలోనూ కారు సామాన్ల దుకాణాల ముందు బండ్లు వరుస కడతాయి కనుక, ఈసారి ఆ వరుసలో నిలబడబోయేవారి కోసం జరిగినదంతా రాస్తున్నాను. దుకాణం పేరు కావాలనే రాయడం లేదు. ఆ తరువాత ధర విచారించడానికి వెళ్లిన మరో రెండు చోట్ల కూడా అవే మాటలు, అదే రకం సరుకు కనిపించాయి. ఒక్కరి పేరు రాస్తే మిగిలినవారంతా మంచివారన్న భ్రమ కలుగుతుంది.

మాది రాజోలు వైపు పల్లె. కారు చిన్నది, స్టీరియో కంపెనీ బిగించి ఇచ్చినదే. "మీ కారులో సన్నాయి వినిపిస్తుంది గానీ డోలు వినిపించదు బావా" అని మా బావమరిది ఏడాదిగా ఎగతాళి చేస్తుండడంతో చివరకు ఇద్దరం కలిసి దుకాణానికి వెళ్లాం. "1800 వాట్ల యాంప్లిఫయరండి, 1400 వాట్ల పన్నెండు అంగుళాల ఊఫరండి, బాక్సు, వైర్ల కిట్టు, బిగింపు అన్నీ కలిపి పాతికవేలండి. మీరు కాబట్టి ఇరవై ఒకటిన్నరకి చేసేస్తానండి" అన్నాడు యజమాని. బిగింపు పూర్తయ్యాక కుర్రాడు ఒక పాట పెట్టి, యాంప్లిఫయర్ మీదున్న మరలన్నీ కుడివైపు చివరిదాకా తిప్పేశాడు. పక్క కొట్టు రేకులు కూడా అదిరాయి. మేము పరీక్ష చేసింది అంతే; రేకులు అదిరాయి కాబట్టి సరుకు మంచిదనుకున్నాం.

కనుమనాడు అత్తవారింటి జనంతో పాలకొల్లు వెళుతూ దిండి దాటి చించినాడ వంతెన ఎక్కేసరికి డోలు ఆగిపోయింది. వంతెన దిగి బండి పక్కకు తీసి డిక్కీ తెరిస్తే యాంప్లిఫయర్ మీద ఎప్పుడూ పచ్చగా వెలిగే దీపం ఎర్రగా వెలుగుతోంది; దాని మీద చెయ్యి వేస్తే అట్ల పెనం మీద వేసినట్టయింది. పది నిమిషాలు చల్లారాక మళ్లీ పలికింది, పాలకొల్లు చేరేలోపు మళ్లీ ఆగింది. దుకాణానికి ఫోన్ చేస్తే "ఎండకి అలాగే అవుద్దండి, ఏం కంగారు పడకండి" అన్నాడు. పుష్యమాసంలో, మంచు పూర్తిగా విడవని పొద్దున, ఏ ఎండకో నాకు అర్థం కాలేదు.

అసలు సంగతి బయటపెట్టింది కారు మెకానిక్కు కాదు, మా ఊళ్లో రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లకు వైండింగ్ చేసే పెద్దాయన. ముప్పై ఏళ్లుగా రాగితీగతోనే బతుకుతున్న మనిషి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేసిన ఎర్రతీగ చివర పట్టుకుని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "ఇది రాగి కాదు అబ్బాయ్, రోల్డుగోల్డు" అన్నారు. నేను నమ్మలేదని గ్రహించి బ్లేడు తీసుకుని ఒక పోగును గీశారు. పైన రాగిరంగు పొర లేచిపోయి లోపల తెల్లగా అల్యూమినియం మెరిసింది. తరువాత తొడుగు చీల్చి చూపించారు: పైకి చిటికెనవేలి కంటే లావుగా కనిపించిన తీగలో లోహం అగరుబత్తి మందాన మాత్రమే ఉంది, మిగిలినదంతా ప్లాస్టిక్కు. అట్టపెట్టె మీద నాలుగో గేజి (గేజి అంటే తీగ మందానికి కొలత) అని ఉంది. అసలైన నాలుగో గేజి తీగలో లోహం 21 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, ఇందులో దానికి సగం కూడా లేదు. పైగా రాగిపూత వేసిన అల్యూమినియం, అదే మందం ఉన్న రాగితో పోలిస్తే మూడింట రెండు వంతుల కంటే కూడా కొంచెం తక్కువగానే విద్యుత్తును మోస్తుంది, బరువు రాగిలో సగం కూడా తూగదు. ఆయన చేత్తో ఎగరేసి చెప్పగలిగింది అందుకే. కొనేముందు ఒక పోగు గీసి చూపమని అడగండి, అందుకు ఒప్పుకోని దుకాణంలో తీగ కొనకండి.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె "మ్యాక్స్" లేదా "పీక్" వాట్లది. అది రెప్పపాటు కాలంలో, ఏ షరతుల మీద లెక్కగట్టారో తెలియని అంకె. మనకు కావలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే యాంప్లిఫయర్ ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి, సబ్‌వూఫర్ ఆగకుండా తట్టుకోగలిగిన శక్తి. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 2003లో ఒక కొలత ప్రమాణం తెచ్చింది. ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. దాని ప్రకారం 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు అడ్డుపడే నిరోధానికి కొలత) భారం మీద, ధ్వనిలో వికృతీ రొదా కలిపి ఒక శాతం మించకుండా ఎన్ని వాట్లు వస్తాయో అవే రాయాలి. ఆ గుర్తు ఉన్న పెట్టె మీది అంకెను నమ్మవచ్చు. నా పెట్టె మీద అలాంటిదేమీ లేదు.

గుర్తు లేకపోయినా దుకాణంలోనే నిజం తేల్చుకునే ఉపాయం ఒకటి ఆ పెద్దాయనే చెప్పారు: యాంప్లిఫయర్ వెనుక గుచ్చి ఉన్న ఫ్యూజు చూడమన్నారు. నా యాంప్లిఫయర్‌కు ఉన్నది 25 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 వోల్టులు ఉంటాయనుకుంటే, 25ను 13.8తో గుణిస్తే 345 వాట్లు. యాంప్లిఫయర్ లోపలికి నిలకడగా పోగలిగిందే అంత. నాది ఏబీ తరగతి యాంప్లిఫయర్ కనుక అందులో దాదాపు సగం వేడిగానే పోతుంది. మిగిలేది బాగా ఉదారంగా లెక్కవేసినా 200 వాట్లు. డీ తరగతిదైతే నూటికి 75, 80 వంతులు బయటికి వస్తాయి. నిజంగా 1800 వాట్లు కావాలంటే డీ తరగతి యాంప్లిఫయర్ కూడా 160 ఆంపియర్లకు పైగా లాగాలి. మన చిన్న కార్లలో ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అన్నింటికీ కలిపి ఇచ్చేది అందులో సగం అటూ ఇటూ. అంటే ఆ అంకె నిజం కావడానికి నా కారులో వీలే లేదు. ఈ గుణకారం నేను దుకాణంలో నిలబడి సెల్‌ఫోన్‌లోనే చేసుకోగలిగేవాడిని, చేయలేదు.

వాట్లు తక్కువైనంత మాత్రాన యాంప్లిఫయర్ పెనంలా కాలదు. అలా కాలడానికి కారణం ఓమ్‌లు; అవి ఎంత తగ్గితే యాంప్లిఫయర్ మీద భారం అంత పెరుగుతుంది. నాకు అమ్మిన సబ్‌వూఫర్‌లో రెండు కాయిల్సు (స్పీకరును కదిలించే తీగచుట్టలు) ఉన్నాయి, ఒక్కొక్కటి 4 ఓమ్‌లు. రెంటినీ పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు, ఒకదాని వెనుక ఒకటి కలిపితే 8 ఓమ్‌లు అవుతుంది. ఇక ఎలా తిప్పి కలిపినా 4 ఓమ్‌లు రాదు. నా యాంప్లిఫయర్ రెండు ఛానెళ్లది, అంటే రెండు స్పీకర్లకు వేరువేరు దారులున్నది. రెండు ఛానెళ్లూ జతచేసి ఒకే సబ్‌వూఫర్‌కు ఇచ్చినప్పుడు 4 ఓమ్‌లకు తగ్గరాదని దాని కాగితం మీదే చిన్న అక్షరాలతో ఉంది. కుర్రాడు శబ్దం ఎక్కువ రావాలని 2 ఓమ్‌లకు కలిపాడు. ఎద్దు మోయగలిగిన బరువుకు రెండింతలు బండికెత్తినట్టు, అది పదిహేను నిమిషాలు లాగి కూలబడేది. కాబట్టి సబ్‌వూఫర్‌కు ఎన్ని కాయిల్సు, ఒక్కొక్కటి ఎన్ని ఓమ్‌లు, కలిపాక ఎంత అవుతుంది, అంత భారానికి ఈ యాంప్లిఫయర్ తట్టుకుంటుందని ఎక్కడ రాసి ఉంది అన్న సంగతులు డబ్బు ఇవ్వకముందే చూపించమనండి. మల్టీమీటరు పెడితే 4 ఓమ్‌ల కాయిలు మూడున్నర అటూ ఇటూ చూపిస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

ఇంతవరకు పోయింది డబ్బే. తరువాత చూసిన దానికి మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాటరీ దగ్గర పెట్టవలసిన ఫ్యూజును వంగి పనిచేయడానికి బద్ధకించి డిక్కీలో యాంప్లిఫయర్ పక్కన పెట్టారు. ఇంజనుకూ మన కాళ్లకూ మధ్యనున్న రేకుకు రంధ్రం చేసి, రబ్బరు బుషింగు కూడా వేయకుండా తీగ దూర్చారు. నెల తిరగకుండానే ఆ రేకు అంచు తొడుగులోకి సగం దిగబడి ఉంది. ఇంకొంత కోసుకుని లోహం రేకును తాకి ఉంటే, డిక్కీలోని ఫ్యూజు చేయగలిగింది ఏమీ లేదు. బ్యాటరీలోని కరెంటంతా ఆ తీగలోనే కాలేది, వెనుక సీటులో మా అమ్మ, పిల్లలు ఉండగా. ఆ ఫ్యూజు బ్యాటరీ నుంచి అడుగున్నర లోపు ఉండాలి. బిగించే రోజున దగ్గర నిలబడి చూడండి, టీ తాగి రమ్మని పంపినా వెళ్లకండి.

ఎర్తు తీగ కూడా రంగు గోకకుండా సీటు బోల్టు కిందే నొక్కేశారు. మన సముద్రపు గాలికి రంగు గోకిన చోట నెల రోజుల్లో తుప్పు పడుతుంది నిజమే. అందుకు గోకి, బిగించి, పైన గ్రీజో పెయింటో పూయాలి గానీ గోకడం మానేయకూడదు. బాక్సు రంపపుపొట్టు అట్టతో చేసింది. వానాకాలం దాకా నా దగ్గర ఉండలేదు గానీ, అదే బాక్సు తెచ్చుకున్న మా పక్క ఊరాయనది శ్రావణానికల్లా టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, అతుకుల్లోంచి గాలి బుసకొట్టింది. మన ప్రాంతానికి మెరైన్ ప్లైవుడ్డుతో వడ్రంగి చేత చేయించుకోవడమే మేలు; సబ్‌వూఫర్ కంపెనీ వారు తమ కాగితంలో ఎన్ని లీటర్ల బాక్సు అని రాస్తారో ఆ కొలతకే చేయించాలి.

కుర్రాడు చివరిదాకా తిప్పిన మరలలో "గెయిన్" అన్నది శబ్దం పెంచే మర అనే చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అది స్టీరియో నుంచి వచ్చే సంకేతానికి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మర. అతిగా తిప్పితే శబ్దపు అలల తలలు నరికినట్టయి, కాయిలు కమురుతుంది. నా బండిలో కాలిన వాసన కూడా వచ్చింది, అది ఇందువల్లే. ఇప్పుడు నేను వేరేగా కొనుక్కున్నది ఒకే ఛానెలు ఉన్న డీ తరగతి యాంప్లిఫయర్, 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్ల ఆర్‌ఎంఎస్, 35 ఆంపియర్ల ఫ్యూజు. సబ్‌వూఫర్ పాతదే, దాని కాగితం మీద ఉన్న ఆర్‌ఎంఎస్ కూడా 300. స్పీకరు తీగలు విప్పి, స్టీరియో శబ్దం ముప్పాతిక మీద పెట్టి, 50 హెర్ట్జ్ ధ్వని ఆడిస్తూ, మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద 24.5 చూపించేదాకా గెయిన్ తిప్పాం. 300ను 2తో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే అంకె అది. తీగ మాత్రం పెద్దాయన సలహాతో ఎలక్ట్రికల్ దుకాణంలో మీటర్ల లెక్కన 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ తెచ్చి, అదీ బ్లేడుతో గీసి చూశాకే వేశాం.

డబ్బు వెనక్కి రాబట్టుకునే విషయంలో నేను చేసిన తప్పు అన్నింటికంటే పెద్దది: బిల్లు తీసుకోలేదు. నాకు ఇచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన తెల్లకాగితం. అసలైన బిల్లు మీద పదిహేను అక్షరాంకెల జీఎస్టీ నంబరు ఉంటుంది, మన రాష్ట్రపు దుకాణమైతే అది 37తో మొదలవుతుంది. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం కూడా ఉండాలి. నా పెట్టె మీద వాట్లు తప్ప మరేమీ లేవు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం ఒక అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయనప్పుడు లోపమున్న సరుకును ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకోనని అనడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. నా దగ్గర ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు, చీల్చిన తీగ ముక్క, యాంప్లిఫయర్ ఫ్యూజు ఫొటో ఉన్నాయి. వాటితోనే ఫిర్యాదు రాశాను.

ఫిర్యాదు సంగతి తెలిసి పోయిన వారం దుకాణం యజమానే ఫోన్ చేశాడు. "గొడవెందుకండి, ఆ యాంప్లిఫయర్ ఇచ్చేయండి, దాని బదులు 2500 వాట్లది కొత్తది ఇస్తానండి, పైసా తీసుకోనండి" అన్నాడు. దాని మీద ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉందో చూసి చెప్పమన్నాను. లోపలికి వెళ్లి చూసి చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు.