గారెనిన్‌లో రాతి ఇళ్ల బస

స్కాట్లాండ్ వాయవ్యాన, లూయిస్ దీవి పడమటి అంచున, అట్లాంటిక్ అలలకు ఎదురుగా ఉంటుంది గారెనిన్. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని ఉల్లపూల్ రేవు నుంచి లూయిస్ ముఖ్యపట్టణం స్టోర్నోవేకి ఓడలో దాదాపు రెండు గంటల ముప్పావు పడుతుంది. అక్కడి నుంచి బస్సులున్నా అవి అరుదు. కారు అద్దెకు తీసుకుంటే వేల ఏళ్ల నాటి కాలనిష్ నిలువురాళ్లు కూడా చూసుకోవచ్చు.

ఊళ్లో ఉన్నవి బ్లాక్‌హౌస్‌లనే పాతకాలపు ఇళ్లు. సున్నం లేకుండా పేర్చిన రెండు వరసల రాతిగోడలు, వాటి మధ్య మట్టి, పైన గడ్డికప్పు. గాలికి లేచిపోకుండా కప్పు మీదుగా తాళ్లు వేసి, కొసలకు బండరాళ్లు కట్టారు. పూర్వం ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు ఉండేవట. పొగగొట్టం ఉండేది కాదు. పీట్ (చిత్తడినేలల్లోంచి తవ్వి, ఎండబెట్టి వంటచెరకులా వాడే మట్టి) పొగ గడ్డిలోంచే బయటికి పోయేది; మసిపట్టిన ఆ గడ్డే తర్వాత చేనికి ఎరువయ్యేది. ఏదీ వృథా పోనివ్వని ఆ తెలివికి నేను ముగ్ధుణ్ణయ్యాను.

ఈ ఇళ్లకు ఆధారం క్రాఫ్ట్, అంటే కౌలుకు తీసుకున్న చిన్న కమతం. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ ఉత్తరాన, ఈ దీవుల్లో భూస్వాములు గొర్రెల మేత కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. రైతులు ఎదురుతిరిగాక 1883లో నేపియర్ కమిషన్ విచారణ జరిగింది. 1886లో చట్టం వచ్చింది: కౌలు కడుతున్న రైతును వెళ్లగొట్టకూడదు, కౌలు న్యాయంగా ఉండాలి, హక్కు వారసులకు దక్కాలి. 'రక్షిత కౌలుదారు' అన్న మాట ఎరిగిన తెలంగాణ వాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ గోడల మధ్య పడుకున్నప్పుడు నా మనసులో మెదిలింది ఈ చట్టమే.

1974లో చివరి నివాసులు వెళ్లిపోయారు. తర్వాత స్థానిక ట్రస్టు ఇళ్లను బాగుచేసి కొన్నింటిని బసకిస్తోంది. లోపల వెచ్చగా, వంటగదితో సౌకర్యంగా ఉంటుంది. కిటికీలు చిన్నవి కాబట్టి పగలు కూడా దీపం కావాలి. సరుకులు స్టోర్నోవేలోనే కొనుక్కోండి. మ్యూజియం ఇంట్లో కాలితో తొక్కే మగ్గం తప్పక చూడండి. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్టను ఈ దీవులవాళ్లు తమ ఇళ్లలోనే చేత్తో నేయాలని 1993 చట్టం చెబుతోంది.

పాత ఇంటిని ఉన్నదున్నట్టు చూడాలంటే మాత్రం దగ్గరలోని ఆర్నాల్ ఊళ్లోని బ్లాక్‌హౌస్ మేలు. అక్కడ ఇంటి నడుమ పీట్ నిప్పు ఇప్పటికీ మండుతుంది. ఆదివారం అది మూసేస్తారు, బస్సులూ తిరగవు. శనివారం లోపే చూసేయండి.