పైరో నెగటివ్‌లలో స్టెయిన్ కొలత: ఎక్స్-రైట్ 361టీ డెన్సిటోమీటరుతో దీర్ఘకాల అనుభవం

ఎక్స్-రైట్ 361టీ ప్రధానంగా ఆఫ్‌సెట్ ప్రెస్సుల ఫిల్ము పనికి ఉద్దేశించిన టేబుల్ డెన్సిటోమీటరు, అంటే ఫిల్ము కాంతిని ఎంత ఆపుతుందో అంకెల్లో చూపే యంత్రం. ప్రెస్సులు ఫిల్ము మానేశాక ఇలాంటివి పాతసరుకుగా అమ్మకానికి వచ్చాయి. అమలాపురంలోని నా డార్క్‌రూముకు ఇదీ అలాగే చేరింది. పైరోకాట్-హెచ్‌డీ అనే పైరో తరహా డెవలపర్‌లో కడిగిన 120 సైజు ఫిల్ము నెగటివ్‌లను ఏళ్లుగా దీనిపైనే కొలుస్తున్నాను. ఒకే చోటును ఆర్థో (కంటికి కనిపించే కాంతి), అల్ట్రావయొలెట్ అనే రెండు రకాల కాంతిలో చదవగలగడమే స్టెయిన్ కొలతకు దీన్ని ఇంత పనికివచ్చేలా చేసింది.

ఈ తరహా డెవలపర్లు వెండితో పాటు ఫిల్ము పైపూత అయిన జెలటిన్‌లో ఒక రంగును కూడా నిలుపుతాయి; అదే స్టెయిన్. ఆ గోధుమ ఛాయ కంటికి పలుచగానే కనిపించినా నీలం, అల్ట్రావయొలెట్ కాంతులను గట్టిగా ఆపుతుంది. అంతర్వేదిలో వశిష్ట సముద్రంలో కలిసే చోట తీసిన నెగటివ్‌లో అల నురుగు ఆర్థోలో 1.05, అల్ట్రావయొలెట్‌లో 1.62 చూపింది. 0.30 అంటే ఒక స్టాపు (కాంతి సగానికి తగ్గడం) కనుక ఈ తేడా రెండు స్టాపులకు దగ్గర. అయితే ఇదంతా బొమ్మకు చెందిన స్టెయిన్ కాదు. వెలుతురు తగలని అంచు ఆర్థోలో 0.16, అల్ట్రావయొలెట్‌లో 0.31 చదివింది, ఫిల్ము బేసు, ఫాగ్ (వెలుతురు తగలకున్నా ఏర్పడే లేత మసక), అంతటా సమంగా పట్టిన స్టెయిన్ ఈ అంకెల్లోనే ఉన్నాయి. వాటిని తీసేస్తే 0.89, 1.31 మిగులుతాయి. ప్రింటులో పనిచేసే స్టెయిన్ ఆ 0.42 మాత్రమే. అంచు కొలవకుండా చెప్పే స్టెయిన్ అంకెను నేను నమ్మను.

స్టెయిన్‌ను విడిగా చూడాలనుకునేవారు పనికిరాని నెగటివ్ ముక్క ఒకటి తీసుకొని, పొటాషియం ఫెర్రిసైనైడ్‌లో బ్లీచ్ చేసి, హైపో ఫిక్సర్‌లో ఉంచి, కడిగి ఆరబెట్టాలి. వెండి కరిగిపోయి లేత గోధుమ రంగు బొమ్మ ఒక్కటే మిగులుతుంది. ఆర్థోలో దాదాపు ఏమీ లేనట్టుండే ఆ బొమ్మ అల్ట్రావయొలెట్‌లో స్పష్టమైన అంకెలిస్తుంది. ఫిక్సర్ తరువాత ఫిల్మును మళ్లీ వాడేసిన డెవలపర్‌లో ముంచితే స్టెయిన్ పెరుగుతుందని చాలామంది చెబుతారు. నా కొలతల్లో అది అంచునూ నురుగునూ ఒకే మోతాదులో పెంచింది; కాంట్రాస్టుకు ఏమీ కలపలేదు, ఎక్స్‌పోజర్ మాత్రం పొడిగించింది. అందుకే ఆ పని మానేశాను.

మా కోనసీమ వాతావరణానికి కొన్ని జాగ్రత్తలు తప్పవు. మే నెలలో ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి. వేడి పెరిగినకొద్దీ డెవలపర్ గాలికి త్వరగా పాడై అంచు అంకె ఎక్కుతుంది కాబట్టి ఐస్‌తో 24 డిగ్రీలకు దించుకోవాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన, డెవలపర్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడడం మంచిది. వోల్టేజీ ఊగే చోట స్టెబిలైజరు పెట్టి, యంత్రం వేడెక్కాక సున్నా సరిచేసి, సాంద్రత మెట్టుమెట్టుగా పెరిగే స్టౌఫర్ 21 మెట్ల ఫిల్ము పట్టీతో సరిచూసుకున్న తరువాతే అంకెలు రాసుకోవాలి. ఆ పట్టీలో మెట్టుకు మెట్టుకు తేడా 0.15.

361టీలో నీలం, ఆకుపచ్చ ఛానళ్లు విడిగా లేవు. మల్టీగ్రేడ్ ప్రింటు కాగితం ఆ రెండు కాంతులకూ వేర్వేరు కాంట్రాస్టుతో స్పందిస్తుంది. స్టెయిన్ నీలాన్ని ఎక్కువగా ఆపడం వల్ల హైలైట్లు మెత్తబడతాయి. ఆ మెత్తదనం ఎంతో ఈ యంత్రం చెప్పజాలదు. ఎన్‌లార్జర్‌తో (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితంపై వేసే పరికరం) చేసే పనే ప్రధానమైనవారు రంగుల ట్రాన్స్‌మిషన్ డెన్సిటోమీటరు తీసుకోవడం మేలు. ఎండలోని అల్ట్రావయొలెట్‌తో అచ్చయ్యే సైనోటైపులు, సాల్ట్ ప్రింట్లు వేసేవారికి మాత్రం అల్ట్రావయొలెట్ మీట పనిచేస్తున్న 361టీ దొరికితే వదులుకోవద్దని చెబుతాను.