ఇరుకు వెనుక సీటులో ఇరవై నెలల పాపకు చోటు: మూడు కారు సీట్లు బిగించి చూశాక

మా ఇంట్లో ఉన్నది 2018 నాటి స్విఫ్ట్ కారు. దాని పొడవు 3.84 మీటర్లు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు. కారు నడిపేది నేనే, నా ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు కాబట్టి డ్రైవరు సీటు ఎప్పుడూ బాగా వెనక్కి జరిగే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ వెనుక కూర్చుంటుంది. ఈ అమరికలోకి ఇరవై నెలల మా అమ్మాయికి ఒక కారు సీటు, అంటే కారు సీటు మీద విడిగా బిగించి పిల్లను పట్టీలతో కట్టి కూర్చోబెట్టే సీటు, పట్టించాలని హైదరాబాదులో రెండు దుకాణాలు తిరిగాము. మూడు సీట్లను మా కారులోనే పెట్టి చూసి, చివరికి వాటిలో ఒకటి తెచ్చుకుని నాలుగు నెలలుగా వాడుతున్నాము. తయారీ సంస్థల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకే సంస్థ సీట్లలో ఒకటి మన కారులో చక్కగా ఒదిగి, మరొకటి అసలు పట్టకపోవచ్చు కనుక ఇక్కడ పేరు కంటే కొలతే పనికొస్తుంది.

మన కార్ల వెనుక సీట్లు ఇంత ఇరుకుగా ఉండడానికి సగం కారణం పన్నులది. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్లలోపు పొడవున్న చిన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పటి నుంచి తయారీదారులు ఆ గీత దాటకుండానే కార్లు రూపొందించసాగారు. ఎక్సైజు పోయి జీఎస్టీ వచ్చినా ఆ గీత మాత్రం పోలేదు. ఇంజనుకూ డిక్కీకీ ఇవ్వగా తగ్గే చోటు వెనుక కూర్చున్నవారి మోకాళ్ల దగ్గరే తగ్గుతుంది. పిల్లల కారు సీట్లలో చాలావాటి నమూనాలు ఇంతకంటే పెద్ద కార్లున్న దేశాల నుంచి వచ్చినవి. అందుకే పెట్టె మీద బొమ్మలో విశాలంగా కనిపించే సీటు మన కారులో దూర్చేసరికి దూలంలా తయారవుతుంది.

మేము మొదట చేసిన పొరపాటు వెడల్పు మాత్రమే కొలవడం. నిజానికి వెడల్పు అంత పెద్ద సమస్య కాదు, ఐరోపా కొత్త ప్రమాణం కింద వచ్చే ఐ-సైజ్ గుర్తు ఉన్న సీట్లకు 44 సెంటీమీటర్ల గరిష్ఠ పరిమితి ఉంది. అసలు చిక్కు పొడవుతోనే వస్తుంది. పిల్ల ముఖం కారు వెనుక వైపుకు ఉండేలా బిగించే సీటు కొంత వాలి ఉండాలి, ఆ వాలు ముందు సీటు వీపును తాకుతుంది. నా సీటు వెనుక దానికి చోటు లేదని టేపు పట్టిన మరుక్షణమే తెలిసిపోయింది. మధ్య స్థానంలో ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే బెల్టు లేకుండానే పిల్లల సీటును కారుకు తగిలించే లోహపు కొక్కేలు, లేవు. ఇక మిగిలింది ఎడమ కిటికీ పక్క చోటు. నా భార్య ఎత్తు ఐదడుగుల అంగుళమే కాబట్టి ముందు సీటును కొంత ముందుకు జరుపుకున్నా ఆమెకు ఇబ్బంది లేదు. పైగా ఎడమ వైపంటే ఫుట్‌పాత్ వైపు కనుక, పాపను ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ మన వీపు రోడ్డు మీది బండ్లకు ఎదురుగా ఉండదు. నా భార్య సర్దుకుని కూర్చున్నాక, వెనుక సీటు వీపు నుంచి ఆమె సీటు వీపు వరకు 72 సెంటీమీటర్లు వచ్చింది. దుకాణాలకు ఈ ఒక్క అంకె పట్టుకునే వెళ్లాము.

మొదటి దుకాణంలో సీట్లను సోఫా లాంటి ఒక బల్ల మీద పెట్టి చూపించారు. ఆ బల్ల మీద ఏ సీటైనా పడుతుంది. కారులో పెట్టి చూస్తామంటే, ప్యాకింగు పాడవుతుందని ఒప్పుకోలేదు. అంతటితో ఆగక, "ఏడాది దాటింది కదా సార్, ముందుకు తిప్పేయండి, కాళ్లకు బోలెడు చోటు దొరుకుతుంది" అని సలహా కూడా ఇచ్చారు. నియమాల ప్రకారం చూస్తే ఆ మాటను పూర్తిగా తప్పనలేము. ఐరోపా ఆర్44 ప్రమాణం 9 కిలోలు దాటిన పిల్లలను ముందుకు తిప్పనిస్తుంది, కొత్తదైన ఆర్129 ప్రమాణం 15 నెలలు నిండేదాకా ఆగమంటుంది, మా అమ్మాయి రెండు హద్దులూ దాటింది. అయితే ఈ వయసు పిల్లలకు శరీరంతో పోలిస్తే తల బరువు, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందు నుంచి గుద్దుకున్నప్పుడు వెనక్కి తిరిగిన సీటు తలకూ మెడకూ వీపుకూ కలిపి దన్నుగా నిలుస్తుంది. ముందుకు తిరిగిన సీటులో భుజాలను పట్టీలు ఆపేస్తాయి, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో తన సూచనను సవరించి, రెండేళ్లు అనే లెక్కతో నిమిత్తం లేకుండా సీటు అనుమతించే గరిష్ఠ బరువు లేదా ఎత్తు వచ్చేదాకా వెనక్కే ఉంచమన్నది. చోటు చాలదన్న ఒక్క కారణంతో పిల్లను ముందుకు తిప్పకూడదని నిర్ణయించుకున్నాకే రెండో దుకాణానికి వెళ్లాము.

ఆ రెండో దుకాణంవారు నమూనా సీట్లను స్వయంగా సెల్లార్‌లోకి మోసుకొచ్చి, ఒక్కొక్కటీ మా కారులో పెట్టి చూడనిచ్చారు. దాదాపు గంటన్నర పట్టింది, ఎవరూ విసుక్కోలేదు. కొంత ధర ఎక్కువైనా అక్కడే కొనడానికి కారణం ఇదే.

అక్కడ ముందుగా చూసింది అన్ని వైపులా తిరిగే సీటు. వెనుక సీటు మడత దగ్గర 28 సెంటీమీటర్ల ఎడంతో ఉండే రెండు ఐసోఫిక్స్ కొక్కేలకు దాని పీఠం టక్కున తగులుకుంటుంది, ఒక కాలు కారు నేల మీద ఆనుతుంది. ఇరుకు కారులో సీటును తలుపు వైపుకు తిప్పి పిల్లను కూర్చోబెట్టగలగడం ఎంత సుఖమో అప్పుడే అర్థమైంది, ఆ కాసేపు కొనేయాలనే అనిపించింది. కానీ తిరిగే పీఠం వల్ల సీటు ఎత్తు పెరుగుతుంది, వాలుతో కలిపి పొడవు కూడా పెరుగుతుంది. మా కారులో అది దాదాపు 80 సెంటీమీటర్లు ఆక్రమించింది. నా భార్య మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనాయి, అక్కడ ఉన్నది ఎయిర్‌బ్యాగు. పిల్లకు రక్షణ కొంటూ తల్లిని డాష్‌బోర్డుకు అదిమేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. పెద్ద సెడానో ఎస్‌యూవీయో ఉన్నవారు మాత్రం ఈ రకాన్ని తప్పక చూడాలి.

రెండోది పుట్టిన నాటి నుంచి పన్నెండేళ్ల దాకా వాడుకోవచ్చనే రకం. ఈ మాట మధ్యతరగతి జేబుకు తీయగా వినిపిస్తుంది, ఒక్కసారి కొంటే మళ్లీ కొననక్కరలేదు కదా. పెద్ద పిల్లలకు సరిపడేలా చేయడం వల్ల దాని చేతి ఆనులు వెడల్పుగా ఉన్నాయి, ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నచోటే సీటు నిలవాలి కనుక పక్కకు జరపడానికీ వీలు లేదు. అది బిగించాక పక్కవారి బెల్టు బకిల్ దాని అంచు కిందికి పోయింది. మా అమ్మ రెండుసార్లు వేళ్లు దూర్చి వెతికి, "నాకు బెల్టు లేకపోయినా ఫర్వాలేదులేరా" అంది. వెనుక పెద్దలు కూడా కూర్చునే ఇళ్లలో ఆ మాట వినిపించిన సీటును కొనకూడదన్నది నా అభిప్రాయం, ఎందుకంటే గుద్దుకున్నప్పుడు బెల్టు లేని పెద్ద మనిషి విసిరేసిన బరువులా వచ్చి పక్కనున్న పిల్ల మీదే పడే ప్రమాదం ఉంది.

మేము తెచ్చుకున్నది మూడోది. తిరగదు, కాలు లేదు, ఐసోఫిక్స్ కూడా లేదు, కారు బెల్టుతోనే కట్టుకోవాలి. పక్కన నారింజ రంగు చీటీ మీద వలయంలో ఇంగ్లీషు 'E' అక్షరం, ఆర్44/04 గుర్తు ఉన్నాయి. పిల్లల సీట్లకు మన దేశపు ప్రమాణమైన ఏఐఎస్-072 కూడా ఈ ఆర్44 బాటలో రూపొందించినదే. ధర తొమ్మిది వేలకు కాస్త తక్కువ. ఐసోఫిక్స్ లేకపోవడం లోపమని మొదట అనుకున్నాను, ఇరుకు కారులో అదే కలిసొచ్చింది. బెల్టుతో కట్టే సీటును రెండు మూడు సెంటీమీటర్లు తలుపు వైపుకు జరిపి బిగించుకోవచ్చు, దాంతో అమ్మ బకిల్ బయటికి వచ్చింది. చంటిపాపకు సీటు బాగా వాలి ఉండాలి గానీ, నిలకడగా కూర్చోగల పిల్లకు నిటారుకు దగ్గరగా ఉంచడానికి మాన్యువల్ అనుమతిస్తుంది. సీటు పక్కనున్న గీతను నేలకు సమాంతరంగా చూసుకుంటూ నిలిపితే మొత్తం 70 సెంటీమీటర్లలో ఇమిడింది. రెండు సెంటీమీటర్లు మిగలడం కూడా భాగ్యమే.

బిగించడం మాత్రం ఓర్పుతో కూడిన పని. వెనక్కి తిప్పినప్పుడు బెల్టు నీలం గుర్తులున్న దారిలో, ముందుకు తిప్పినప్పుడు ఎరుపు గుర్తులున్న దారిలో వెళ్లాలి. నీలం దారిలో బెల్టు సీటు వీపును చుట్టి రావాలి కనుక దాని పొడవు చాలదేమోనని భయపడ్డాము, అంగుళాల లెక్కలో సరిపోయింది. కొన్ని చిన్న కార్లలో చాలదు, ఆ సంగతి కొనకముందే చూసుకోవాలి. మొదటి రోజు నాకు పాతిక నిమిషాలు పట్టింది. మోకాలితో సీటును అదిమి, బెల్టులోని వదులంతా లాగాక, బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. లోపలి పట్టీలు వెనక్కి తిరిగిన సీటులో పిల్ల భుజాల ఎత్తులోగానీ కాస్త కిందగానీ మొదలవ్వాలి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత రాకూడదు. కుదిరితే సీటును కారులోంచి తీయకుండా ఉంచేయడమే మేలు, తీసిన ప్రతిసారీ ఈ తతంగమంతా మళ్లీ చేయాలి.

లోపాలూ ఉన్నాయి. గుడ్డ మందంగా ఉండడం వల్ల ఎండలో నిలిపిన కారులో పాప వీపు పది నిమిషాల్లో తడిసిపోతుంది. బకిల్ మీది లోహం చురుక్కుమంటుంది, కారు దిగేటప్పుడు దాని మీద తెల్లటి తువ్వాలు కప్పడం అలవాటు చేసుకున్నాము. సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, మా అమ్మకు చూపించడానికి నేనే తెలుగులో ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించాను. వెనక్కి తిరిగిన సీటులో కాళ్లు చాపుకునే వీలు లేదని బంధువులు జాలిపడుతుంటారు గానీ, మా అమ్మాయి బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటుంది. మొన్న విజయవాడ రహదారిలో సూర్యాపేట దాకా నిద్రపోతూనే వచ్చింది.

ఇంట్లోవారు అడిగిన మరో ప్రశ్న, దీన్ని ముందు సీటులోనే పెట్టుకోవచ్చు కదా అని. ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగిన పిల్లల సీటు ఎన్నడూ పెట్టకూడదు, ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటూ సరిగ్గా పిల్ల తల వెనుకే సీటు వీపును గుద్దుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గురించి చెప్పాలంటే, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షను పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ కట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటోంది. అయితే మమ్మల్ని ఒప్పించింది జరిమానా కాదు, ఒకసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడు పాప నా భార్య చేతుల్లోంచి జారిన తీరు.

మా సీటు వెనక్కి తిప్పి వాడుకోవడానికి హద్దు 13 కిలోలు. ఇప్పుడు పాప బరువు పదకొండుకు కాస్త తక్కువ కాబట్టి మరో ఏడాది అటూ ఇటూగా ఇలాగే సాగుతుంది. 18 కిలోల దాకా వెనక్కి తిప్పి ఉంచగల సీట్లు కూడా బజారులో ఉన్నాయి, 72 సెంటీమీటర్లకు మించి చోటున్నవారు వాటినే ముందుగా చూడాలని నా సలహా. మాకు చూపించిన అలాంటి ఒక్క సీటూ 76 దగ్గర ఆగింది, ఆ నాలుగు సెంటీమీటర్ల కోసం నా భార్య మోకాళ్లను అడగలేకపోయాను.