అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్: పురుగుమందుకు విరుగుడు ఇంజెక్షన్ల సమీక్ష

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి చేరినవారికి మన ఆసుపత్రుల్లో ఇచ్చే రెండు విరుగుడు మందుల్లో అట్రోపిన్‌కే నేను నిస్సంకోచంగా మొదటి స్థానం ఇస్తాను. ఈ విషం అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. దానివల్ల ఆ ఎంజైము విడగొట్టాల్సిన, నరాల సంకేతాలను మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పేరుకుపోయి కనుపాపలు కుంచించుకుపోతాయి, ఒళ్లంతా చెమటపడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, అన్నిటికంటే ప్రమాదకరంగా ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి. ఉమ్మెత్త కుటుంబపు మొక్కల్లో దొరికే అట్రోపిన్ ఆ స్రావాలను ఆపి, గుండె వేగాన్ని నిలబెడుతుంది. ధర కూడా చాలా తక్కువ.

అయితే దీని ఫలితమంతా ఇచ్చే తీరులోనే ఉంది. మన దగ్గర మామూలుగా దొరికే ఆంపూల్‌లో (చిన్న గాజు మందుసీసాలో) ఉండేది 0.6 మిల్లీగ్రాములే కనుక, పెద్దవారికి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలంటే ఒకేసారి ఐదు ఆంపూళ్లు కావాలి. గుణం కనిపించకపోతే ఐదు నిమిషాలకోసారి మోతాదును రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గి, చంకలు పొడిబారి, నాడి నిమిషానికి 80 దాటి, రక్తపోటు కుదుటపడేదాకా ఇచ్చి, ఆపైన డ్రిప్‌లో కొనసాగించాలి. 2012లో ప్రచురితమైన బంగ్లాదేశ్ అధ్యయనంలో పాత పద్ధతిలో విడివిడి మోతాదులు పొందినవారిలో 22.5 శాతం మంది చనిపోగా, ఇలా పెంచుకుంటూ డ్రిప్‌లో ఇచ్చినవారిలో 8 శాతం మందే చనిపోయారు. మందు అదే, మారింది పద్ధతి మాత్రమే! మోతాదు మితిమీరితే జ్వరం, కలవరింత వస్తాయి, పేగుల కదలిక ఆగుతుంది. అందుకే అనుభవమున్న నర్సు మంచం పక్కనే ఉండాలి. కండరాల నీరసాన్ని అట్రోపిన్ తగ్గించలేదు, దానికి వెంటిలేటరే దిక్కు.

డాక్టర్లు ప్యామ్ అని పిలిచే ప్రాలిడాక్సిమ్ విషయంలో అంత నమ్మకంగా చెప్పలేను. విషం పట్టు నుంచి ఎంజైమును విడిపించడం దీని పని, కానీ ఆ పట్టు బిగుసుకుపోయాక ఇది పనిచేయదు. మన పత్తిచేలలో విరివిగా వాడిన మోనోక్రోటోఫాస్ వంటి వాటిలో ఆ గడువు కొద్ది గంటలే, క్లోర్‌పైరిఫాస్ వంటి వాటిలో ఒక రోజుకు పైగా ఉంటుంది. కనుక పురుగుమందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎంతో మేలు. 2006లో వెలువడిన, మహారాష్ట్రలోని బారామతిలో జరిగిన అధ్యయనంలో ఎక్కువ మోతాదును ఎడతెగకుండా ఇచ్చినప్పుడు మరణాలు 8 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. 2009లో వచ్చిన శ్రీలంక అధ్యయనంలో మాత్రం ఈ మందు పొందినవారిలోనే మరణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి, ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చు. ఇటువంటి మందు స్టాకు లేదన్న కారణంతో, అట్రోపిన్ మొదలుపెట్టకుండానే రోగిని పెద్దాసుపత్రికి పంపడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించలేను.