కినబాలు కొండదారి: రోడోడెండ్రాన్ల కోసం వెళ్లేవారికి

మలేషియాలో, బోర్నియో దీవిలోని కినబాలుకు జనం వెళ్లేది 4,095 మీటర్ల శిఖరం కోసం. రోడోడెండ్రాన్ అనే పొదల పువ్వుల కోసమైతే అంత పైకి పోనక్కర్లేదు. టింపోహోన్ గేటు (1,866 మీ.) నుంచి పనలబాన్ బస (3,272 మీ.) దాకా ఉన్న ఆరు కిలోమీటర్లు చాలు. పర్మిట్టు, గైడు తప్పనిసరి. పైన పడకలు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి.

ఏ పువ్వు పుప్పొడిని ఎవరు మోస్తారో రంగు చూసి ‘ఎరుపు పక్షికి, తెలుపు పురుగుకి’ అని తేల్చేస్తే సగం తప్పుతుంది. గొట్టం ఎంత పొడవు, ఎంత సన్నం, వాసన ఉందా, పువ్వు ముఖం ఎటు తిరిగింది, ఇవన్నీ కలిపి చూడాలి. బాగా పైన కనిపించే ఎరికాయిడిస్ అనే రోడోడెండ్రాన్ రకానికి ఆకులు సూదుల్లా ఉంటాయి, పువ్వు చిన్న ఎర్ర గొట్టం. అది పక్షి ముక్కుకు తగ్గ కొలత. రోడోడెండ్రాన్ల తేనె తాగే మౌంటెన్ బ్లాక్‌ఐ పిట్టలు ఆ ఎత్తులోనే తిరుగుతాయి. స్టెనోఫిల్లమ్ అనే మరో రకం పువ్వులు నారింజ రంగు గంటల్లా కిందికి వేలాడతాయి, రోజూ వాన పడే చోట లోపలి తేనె పలచబడదు. 1851లో ఈ కొండెక్కిన ‘హ్యూ లో’ అనే బ్రిటిష్ అధికారి పేరు పెట్టుకున్న లోవియై రకం మాత్రం పసుపు రంగులో వెడల్పాటి గరాటు. దాని దగ్గరికి ఎవరొస్తారో ఆకారం చెప్పదు, కూర్చుని చూడాల్సిందే.

తెల్లటి సన్నని గొట్టం, పరిమళం ఉన్న స్వావియోలెన్స్ రకం దిగువ అడవి మొక్క. ఆ లక్షణాలు రాత్రి ఎగిరే మాత్‌లకు (చిమ్మెటలకు) సరిపోయేవి. పగలు నడిచేవారికి ఆ వేళ దొరకదు. ఈ దారిలో పెద్ద లోటు ఇదే.

పువ్వులు కోయకూడదు. రాలినవాటిని పదింతల లెన్సుతో చూడండి: పుప్పొడి తిత్తి కొసన రంధ్రం ఉంటుంది, అందులోంచి పుప్పొడి జిగురు దారాలతో అల్లుకుని వస్తుంది. ముక్కుకో ఈకకో ఒక్క కొస అంటితే మొత్తం లాగబడుతుంది. తడిసిన పువ్వులో ఇది ముద్దకడుతుంది, అందుకే ఎండ ఉన్న పొద్దున్నే చూడాలి. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది.

ఫోటో ఎదురుగా తీస్తే గొట్టం పొడవు తెలియదు. పక్కనుంచి, స్కేలు పెట్టి తీయండి. నారింజ, ఎరుపు రంగులు ఫోన్లో మండిపోతాయి, వెలుతురు కొంచెం తగ్గించాలి.

ఎక్కలేనివారికి పార్కు కార్యాలయం దగ్గరి తోట ఉంది, ఆకారాల్లో తేడా అక్కడే తెలిసిపోతుంది. బ్లాక్‌ఐలు కావాలంటే మాత్రం ఎక్కక తప్పదు.