బ్యాక్టీరియా గుంపుల లెక్కకు ఏ మోడల్ మేలు?

చిటికెడు మట్టిలో ఎన్నో రకాల బ్యాక్టీరియా కలిసి బతుకుతుంటాయి. ఆ గుంపు నిలుస్తుందా, చెదురుతుందా అన్నది లెక్కగట్టడానికి భౌతికశాస్త్రవేత్తలు ఎక్కువగా వాడేవి రెండు గణిత మోడళ్లు.

మొదటిది 1920లలో పుట్టిన లోట్కా-వోల్టెరా. ఎవరు ఏం తింటారన్న గొడవ దీనికి లేదు. ఒక జాతి ఇంకో జాతిని ఎంత అణిచేస్తుందో, ఎంత సాయపడుతుందో ఒక్క అంకెలో చెబితే చాలు. కానీ 50 జాతులుంటే అలాంటి అంకెలు 2,450 కావాలి! అన్నీ కొలవడం అయ్యే పని కాదు. అందుకే 1972లో శాస్త్రవేత్త రాబర్ట్ మే ఆ అంకెలను లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా తీసుకున్నారు. జాతులు పెరిగినా, వాటి మధ్య ప్రభావాలు బలపడినా ఒక హద్దు దాటాక నిలకడ పోతుందని తేల్చారు. 2022లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జెఫ్ గోర్ బృందం చేసిన ప్రయోగంలోనూ దాదాపు ఇలాగే జరిగింది. జాతుల సంఖ్యను, ప్రభావాల బలాన్ని పెంచుతూ పోతే మొదట అన్ని జాతులూ బతికాయి, ఇంకా పెంచితే కొన్ని పోయాయి, ఆపైన మిగిలినవాటి సంఖ్యలు ఎడతెరిపి లేకుండా ఊగుతూనే ఉన్నాయి.

రెండోది పర్యావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మెకార్థర్ మోడల్. ఇందులో జాతులతో పాటు వాటి తిండి కూడా లెక్కలోకి వస్తుంది. నాకు ఇదే నచ్చుతుంది, అందుకు కారణం 2018 నాటి ఒక ప్రయోగం. మట్టి నుంచి, ఆకుల నుంచి తెచ్చిన 12 నమూనాలను ఒక్క గ్లూకోజ్ మీదే పెంచారు. 48 గంటలకోసారి కాస్త తీసి కొత్త ద్రావణంలో వేశారు. ఒకే చక్కెర కాబట్టి చివరికి ఒకే జాతి మిగలాలి కదా? చాలా జాతులు మిగిలాయి. ఏ జాతులు మిగిలాయన్నది నమూనాను బట్టి మారినా, కుటుంబాల (దగ్గరి సంబంధమున్న జాతుల సమూహాల) స్థాయిలో చూస్తే పొందిక ఇంచుమించు ఒకటే. ఎంటెరోబ్యాక్టీరియేసి కుటుంబం గ్లూకోజ్ తిని అసిటేట్ అనే వ్యర్థాన్ని వదులుతుంది, సూడోమొనడేసి దాని మీద బతుకుతుంది. విసర్జించినదాన్ని కూడా కలిపేలా ఈ మోడల్‌ను పెంచితే ఆ పొందిక లెక్కలోనే వచ్చేసింది. మొదటి మోడల్‌లో ఈ ‘ఎందుకు’ కనబడదు. పైగా చక్కెర మారిస్తే ఆ మోడల్ అంకెలన్నీ మళ్లీ కొలవాల్సిందే.

అలాగని రెండోదానితో అన్నీ తేలవు. బ్యాక్టీరియా తమ చుట్టూ ఉన్న ఆమ్లత్వాన్ని మార్చేస్తాయి, దాంతో పక్కవాటికి తిండి ఉన్నా బతుకు ఉండదు. పేగుల్లోని గుంపులో ఎవరు ఏం తిని ఏం వదులుతున్నారో పూర్తి జాబితా లేదు. అలాంటి చోట మొత్తం గుంపు నిలకడ ఒక్కటే తెలియాలంటే నేనూ లోట్కా-వోల్టెరానే వాడమంటాను.